నొప్పి ఆగింది సరే, పన్ను బాగుపడినట్టేనా?

కనిగిరి ప్రాంతానికి చెందిన 47 ఏళ్ల ఉపాధ్యాయురాలు ఒకరు, తన పేరు వేయవద్దని కోరుతూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమెకు ఐదేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఆరేళ్ల క్రితం కింది కుడివైపు దవడ పన్నుకు రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి, శుభ్రం చేసి మూసే వైద్యం) చేయించుకున్నారు. క్యాప్ తప్పనిసరి అని డాక్టరు అప్పుడే చెప్పినా, పెద్దమ్మాయి పెళ్లి ఖర్చులు మీద పడటంతో వాయిదా వేశారు; ఆ తరువాత నొప్పి లేదు కనుక సంగతే మరిచిపోయారు. ఏడాది క్రితం ఆ పన్ను మీది సిమెంటు ఒక మూల ఊడిపోయింది. ఆరు నెలలుగా ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు లేస్తోంది, చితికి నోట్లోకి ఉప్పగా ఏదో వస్తోంది, నాలుగు రోజుల్లో మాని మళ్లీ లేస్తోంది. ఒక డాక్టరు ఆ పన్ను తీసేసి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెడదామన్నారు, ఇంకొకరు రూట్ కెనాల్ మళ్లీ చేద్దామన్నారు. ఎవరి మాట నమ్మాలో ఆమెకు తెలియడం లేదు.

ఇది ఇలా ఉండగా, రెండు నెలల క్రితం పై ఎడమవైపు దవడ పన్ను నొప్పి మొదలైంది. మొదట చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. తరువాత వేడి కాఫీ తాగితే పోటు మొదలై చాలాసేపు ఉండిపోయేది, రాత్రి పడుకోగానే కణతలోకి, చెవిలోకి పాకేది. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. చల్లటి నీళ్లు పుక్కిట పట్టి రాత్రులు గడిపారు, లవంగ నూనె దూది పెట్టారు, మెడికల్ షాపులో అడిగి మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడారు. పది రోజుల క్రితం నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయింది. పై పన్ను పీకిస్తే కంటిచూపు దెబ్బతింటుందని అత్తగారు అంటున్నారు. రూట్ కెనాల్ చేసిన పన్ను ఒంట్లోకి విషం వదులుతుందని ఒక బంధువు ఫోనులో వీడియో పంపారు. తగ్గింది కదా, ఇక ఆసుపత్రి దేనికని భర్త అడుగుతున్నారు. ఉత్తరం చివర 17 ఏళ్ల కొడుకు గురించి రెండు వాక్యాలు ఉన్నాయి: 13 ఏళ్లప్పుడు క్రికెట్ బంతి తగిలిన ముందు పన్ను ఇప్పుడు నల్లబడుతోంది, అయితే తమ ప్రాంతంలో ఫ్లోరైడు నీటి వల్ల అందరి పళ్లూ అలాగే ఉంటాయి కనుక పట్టించుకోలేదు. ఆమె ప్రశ్న ఒక్కటే: నొప్పి లేనప్పుడు పన్ను లోపల జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించినది మీరు ఉపశమనంగా రాసిన వాక్యమే: పది రోజుల క్రితం నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయిందన్న వాక్యం. కనుక కింది పన్ను కంటే ముందు పై పన్ను గురించే మాట్లాడతాను.

పన్ను పైన కనిపించేది ఎనామిల్, దాని కింద డెంటిన్, నడిమధ్యలో చిన్న గది, ఆ గది నుంచి వేళ్ల చివరిదాకా సన్నటి కాలువలు ఉంటాయి. ఆ గదిలోను కాలువల్లోను ఉండే మెత్తటి పదార్థాన్ని మనం వాడుకలో నరం అంటాం. అందులో నరాలతో పాటు రక్తనాళాలు కూడా ఉంటాయి. ఒంట్లో మరెక్కడైనా వాపు వస్తే చర్మం సాగి దానికి చోటిస్తుంది. పన్ను లోపల గోడలు అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా సాగవు. పుచ్చు లోపలిదాకా వెళ్లి క్రిములు ఆ గదిని చేరినప్పుడు వచ్చే వాపు ఎటూ పోలేక లోపలే ఒత్తిడి పెంచుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, చివరికి ఆ కణజాలం చచ్చిపోతుంది. ఈ క్రమమంతా కొన్ని వారాల్లో జరగవచ్చు, కొన్ని సంవత్సరాలు పట్టవచ్చు, కొందరిలో అసలు నొప్పే లేకుండా జరిగిపోవచ్చు.

మీరు రాసిన లక్షణాలను వచ్చిన వరుసలోనే చదివితే ఈ క్రమం దాదాపు అక్షరాలా కనిపిస్తుంది. చల్లటి నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని, రెండు మూడు క్షణాల్లో పోయే నొప్పి తొలి దశ. అరిగిన పన్ను, చిగురు జారి వేరు బయటపడిన పన్ను, చిన్న పుచ్చు, ఈ మధ్యే సిమెంటు పెట్టిన పన్ను, ఇవన్నీ ఇలాగే జివ్వుమంటాయి. ఆ దశలో కారణం సరిచేస్తే నరం కోలుకుంటుంది. రూట్ కెనాల్ అవసరం ఉండదు. జివ్వుమన్న ప్రతి పన్నుకూ రూట్ కెనాల్ చేద్దామనే చోట మీరు తప్పకుండా ఇంకొకరి అభిప్రాయం తీసుకోవాలి. కానీ తగిలిన వేడో చల్లదనమో తొలగిన తరువాత కూడా నొప్పి అర నిమిషానికి మించి నిలబడటం, ఏమీ తగలకుండానే దానంతటదే మొదలవడం, పడుకుంటే పెరగడం, వేడికి ఎక్కువై చల్లదనానికి శాంతించడం, ఇవి నరం ఇక కోలుకోలేని స్థితికి చేరిందని చెప్పే గుర్తులు. చల్లటి నీళ్లు పుక్కిట పట్టి రాత్రి గడిపానని ఒక రోగి చెబితే దంత వైద్యులకు సగం నిర్ధారణ అక్కడే జరిగిపోతుంది.

నొప్పి చెవికి, కణతకు పాకడం కూడా వింత కాదు. పన్ను లోపలి నరానికి నొప్పి తెలుస్తుంది కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియజెప్పే శక్తి దానికి లేదు, అందుకే ఈ దశలో రోగి పై పన్నా కింది పన్నా కూడా సరిగా చెప్పలేడు. అయితే ఆ నొప్పి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు దాటదు. వాపు వేరు చివర దాటి ఎముక దగ్గరికి చేరాక మాత్రమే పన్ను తన చోటు చెబుతుంది: కొరికితే నొప్పి, వేలితో తడితే నొప్పి, ఆ పన్ను మిగతావాటికంటే కాస్త పైకి లేచి ముందే తగులుతున్నట్టు అనిపించడం.

ఇంత తీవ్రమైన నొప్పి వైద్యం లేకుండా ఒక్కసారిగా ఆగిందంటే, బహుశా నొప్పిని పంపే కణజాలమే చచ్చిపోయి ఉంటుంది. క్రిములు మాత్రం బతికే ఉంటాయి, వాటికి ఆహారంగా లోపల చచ్చిన పదార్థం ఉంటుంది, రక్తప్రసరణ లేదు కనుక మీరు మింగిన యాంటీబయాటిక్ అక్కడికి చేరదు. నేను ఇక్కడ కూర్చుని ఇది ఖాయంగా చెప్పలేను. చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పన్నుకు ఆనించి చూసే పరీక్ష ఒక్క నిమిషంలో చెబుతుంది. పక్క పళ్లు చల్లదనాన్ని గుర్తించి ఈ పన్ను గుర్తించకపోతే సందేహం చాలావరకు తీరుతుంది. ఎక్స్-రే ఒక్కటే చూసి ఏమీ లేదంటే తృప్తిపడకండి. ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగిపోయేదాకా మామూలు ఎక్స్-రేలో నల్లటి నీడ కనిపించకపోవచ్చు. పైగా పై దవడ పళ్ల వేళ్ల మీద సైనస్ అనే, ముక్కు పక్కన ఉండే గాలి గది, బుగ్గ ఎముక నీడలు పడి చూపును కప్పేస్తాయి.

ఈ పన్ను విషయంలో మీ ముందున్న దారులు ఇవి. మొదటిది, మీ భర్త అన్నట్టు వదిలేయడం. వదిలేస్తే కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఏమీ జరగకపోవచ్చు, ఆయన మాటే నిజమని అనిపించవచ్చు. కానీ వేరు చివర ఎముక మెల్లగా కరుగుతూ ఉంటుంది, ఏ పరీక్షల సీజనులోనో జ్వరం వచ్చి ఒళ్లు బలహీనపడిన వారంలో ముఖం వాచిపోతుంది. పై దవడ పన్ను కనుక ఇన్ఫెక్షన్ సైనస్‌లోకి చేరి ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీము కారడం కూడా జరుగుతుంది. అలాంటివారు ముక్కు డాక్టర్ల చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. షుగరు ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: ఇన్ఫెక్షన్ షుగరును పెంచుతుంది, పెరిగిన షుగరు ఇన్ఫెక్షన్‌ను తగ్గనివ్వదు. రెండోది రూట్ కెనాల్. రెండు మూడు సార్లు వెళ్లాలి, ఈసారి క్యాప్ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి. మూడోది పన్ను తీయించడం. ఇన్ఫెక్షన్ మూలం పోతుంది, ఖర్చు తక్కువ, కానీ ఖాళీ మిగులుతుంది; పక్క పళ్లు ఆ ఖాళీలోకి వంగుతాయి, ఎదురుగా ఉన్న కింది పన్ను పైకి లేస్తుంది, నమిలే బలం తగ్గుతుంది. నరం ఇంకా కొంత బతికి ఉందని పరీక్షలో తేలితే, పైభాగం మాత్రమే తీసి మిగతాది కాపాడే పల్పాటమీ అనే చికిత్స గురించి కూడా అడగవచ్చు, కానీ మీ వర్ణన చూస్తే ఆ అవకాశం తక్కువే.

మీ అత్తగారి భయం తెలుగు ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని కొట్టిపారేసి ఆమెను నొప్పించనక్కరలేదు. కంటికి చూపునిచ్చే నరం వేరు, పంటికి స్పర్శనిచ్చే నరం వేరు; రెండూ మెదడు నుంచి వేరువేరుగా బయలుదేరతాయి. పన్ను తీస్తే చూపు పోదు. నిజానికి కంటికి ముప్పు ఎప్పుడైనా వస్తే అది తీయకుండా వదిలేసిన పై పన్ను ఇన్ఫెక్షన్ కంటి చుట్టూ పాకినప్పుడు వస్తుంది. నలభై దాటాక పళ్లూ చూపూ ఒకే కాలంలో తగ్గుతాయి కనుక ఈ నమ్మకం పుట్టి ఉంటుందని నా ఊహ.

బంధువు పంపిన వీడియో సంగతి కూడా ఇక్కడే ముగిస్తాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంత వైద్యుడు, రూట్ కెనాల్ చేసిన పళ్లే ఒంట్లోని అనేక రోగాలకు మూలమని ప్రచారం చేశాడు. ఆ రోజుల్లో బాగున్న పళ్లను కూడా గుంపులుగా పీకించారు, రోగాలు తగ్గలేదు. తరువాతి పరిశోధనలు ఆయన ప్రయోగాలను బలపరచలేదు. ఒంటికి భారం అయ్యేది వైద్యం చేయకుండా వదిలిన పన్నులోని చీము.

ఇక కింది కుడివైపు పన్ను. అక్కడ లేచే పొక్కు వేరు చివర చేరిన చీము ఎముకను తొలుచుకుని బయటికి చేసుకున్న దారి. పొంగుతున్న గిన్నె మీద మూత కాస్త పక్కకు జరిగితే ఆవిరి బయటికి పోయి మూత కొట్టుకోదు, కానీ కింద మంట ఆరినట్టు కాదు. మీకు నొప్పి లేకపోవడానికి కారణం అదే. పొక్కు మానినప్పుడల్లా దారి మూసుకుంటుంది, చీము చేరాక మళ్లీ తెరుచుకుంటుంది. ఈ పొక్కు ఉన్న చోటు చూసి పన్నును నిర్ధారించడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ దారి ఒక్కోసారి పక్క పన్ను దగ్గర తేలుతుంది. గట్టా పెర్చా అనే సన్నటి రబ్బరు పుల్లను నొప్పి లేకుండా ఆ రంధ్రంలోకి జార్చి ఎక్స్-రే తీస్తే, పుల్ల కొన ఏ వేరు దగ్గర ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది. మిమ్మల్ని చూసిన ఇద్దరిలో ఎవరైనా ఈ పరీక్ష చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే చేయమని అడగండి.

రూట్ కెనాల్ చేసిన పన్నుకు మళ్లీ ఎందుకిలా జరుగుతుంది? 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు పరిశోధకులు క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లను, మామూలు ఎలుకల పళ్లను నరం బయటపడేలా తొలిచి నోటికే వదిలేశారు. మామూలు ఎలుకల్లో నరం కుళ్లి చీము పట్టింది. క్రిములు లేని ఎలుకల్లో గాయం దానంతటదే మానింది. పంటి లోపలి జబ్బు అసలు శత్రువు క్రిమి అని ఆ ప్రయోగం తేల్చింది. దాన్ని మీ పన్నుకు అన్వయించుకుంటే, ఆరేళ్ల క్రితం శుభ్రం చేసి మూసిన కాలువల్లోకి క్రిములు మళ్లీ ఎలా వెళ్లాయన్నదే ప్రశ్న. కాలువ ఏదైనా మొదట్లోనే కనబడక మిగిలిపోయి ఉండవచ్చు. కింది దవడ పన్నులో సాధారణంగా మూడు కాలువలు ఉన్నా నాలుగోది ఉండటం అరుదేమీ కాదు. కాలువ చివరిదాకా నింపకపోయి ఉండవచ్చు. కానీ మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఊడిన సిమెంటు మీదే. ఏడాదిగా ఆ మూల నుంచి లాలాజలం లోపలికి ఊరుతోంది, పొక్కు ఆరు నెలల నుంచి లేస్తోంది. కాలం లెక్క సరిపోతోంది. క్యాప్ వేయని దవడ పన్నుకు ఇంకో ప్రమాదం పగులు. 2002లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రూట్ కెనాల్ తరువాత క్యాప్ వేయని పళ్లు, వేసిన పళ్లకంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువగా పోయాయని తేలింది. పెళ్లి ఖర్చుల మధ్య మీరు వాయిదా వేసినందుకు ఇప్పుడు నిందించుకుని ప్రయోజనం లేదు. నా దగ్గరికి వచ్చేవారిలో క్యాప్ దగ్గర ఆగిపోయేవారే ఎక్కువ.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం వల్ల ఒకరు మోసం చేస్తున్నారని అనుకోకండి. రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే వారి మధ్య భేదం చాలావరకు కరిగిపోతుంది. మొదటిది, వేరు నిలువునా పగిలిందా? చిగురు చుట్టూ కొలిచే సన్నటి కడ్డీ అన్నిచోట్లా 2, 3 మిల్లీమీటర్లు దిగి, ఒక్క చోట మాత్రం సన్నగా లోతుగా దిగిపోతే పగులును గట్టిగా అనుమానించాలి. కొరికినప్పుడు కాక, కొరికి వదిలినప్పుడు చురుక్కుమనడం కూడా పగిలిన పన్ను లక్షణం, అయితే అది నరం బతికున్న పళ్లలో ఎక్కువగా తెలుస్తుంది. వేరు నిలువునా పగిలి ఉంటే రూట్ కెనాల్ ఎన్నిసార్లు చేసినా నిలవదు, తీయాలన్న డాక్టరే సరి. రెండో ప్రశ్న, పుచ్చు అంతా తీసేశాక చిగురు పైన పన్ను చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి గోడ మిగులుతుందా? మిగలకపోతే క్యాప్ పట్టు దొరకదు. ఈ రెండూ అనుకూలమైతే మళ్లీ రూట్ కెనాల్ చేద్దామన్న డాక్టరు మాటలో బలం ఉంది. మామూలు ఎక్స్-రే తేల్చలేకపోతే ఆ ఒక్క భాగానికి సీబీసీటీ స్కాన్ (పన్నును అన్ని వైపుల నుంచీ చూపే ఎక్స్-రే స్కాన్) తీయించడం ఖర్చుకు తగిన పనే.

మళ్లీ చేయించుకుంటే ఏమవుతుందో కూడా దాచకుండా చెబుతాను. మొదటిసారి చేసే రూట్ కెనాల్ కంటే ఇది కష్టం. పాత పూరక పదార్థం తీయాలి, మిగిలిపోయిన కాలువ వెతకాలి, సమయం, ఖర్చు ఎక్కువ, ఫలితం మొదటిసారంత ఖాయం కాదు. అయినా ఎక్కువమందిలో మానుతుంది. దీనికి మీరు ఇంట్లోనే చూసుకోగలిగిన గుర్తు ఒకటుంది: కాలువలు శుభ్రపడ్డాక ఒకటి రెండు వారాల్లో చిగురు మీది రంధ్రం మూసుకుపోవాలి. మూసుకోకుంటే శాశ్వతంగా నింపేముందే డాక్టరు మళ్లీ ఆలోచించాలి. ఎముక పూడటానికి నెలలు పడుతుంది కనుక ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్-రే తీసి పాతదానితో పోల్చాలి. కొన్నిచోట్ల పూర్తిగా మానడానికి నాలుగేళ్ల వరకు పడుతుంది. మళ్లీ చేసినా మానకపోతే వేరు కొనను కోసి మూసే చిన్న ఆపరేషను ఉంది. తీయించుకుని ఇంప్లాంట్ పెట్టించుకుంటే ఎముక పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి, షుగరు అదుపులో లేకపోతే పట్టు కుదరకపోవచ్చు, తరువాత దాని చుట్టూ చిగురును జీవితాంతం శుభ్రంగా ఉంచుకోవాలి. బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో ఖాళీని నింపే కట్టుడు పన్ను) వేయిస్తే బాగున్న రెండు పక్క పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ కాపాడగలిగిన సొంత పన్నును ముందు తీసేసి తరువాత ఆలోచించడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ నిర్ణయానికి వెనకడుగు లేదు.

ఖర్చు మీకు ముఖ్యమైన విషయమని ఉత్తరంలోనే అర్థమవుతోంది. విజయవాడలోనూ కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటిలో పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు. ఫీజు ప్రైవేటు క్లినిక్ కంటే బాగా తక్కువ, కానీ ఎక్కువసార్లు తిరగాల్సి వస్తుంది, బడికి సెలవులు చూసుకోవాలి. ఎక్కడ చేయించుకున్నా మళ్లీ చేసే రూట్ కెనాల్‌కు ఎండోడాంటిక్స్‌లో (పంటి నరం వైద్యంలో) ఎండీఎస్ అనే పీజీ చేసినవారిని అడగడం మంచిది. పని చేసేటప్పుడు పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలుచటి రబ్బరు పొర కట్టి లాలాజలం లోపలికి రాకుండా చూస్తారా అని కూడా అడగండి. ఈ ప్రశ్న అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని సంకోచించకండి. ఆరేళ్ల నాటి ఎక్స్-రే ఇంట్లో ఏ కవర్లోనైనా ఉంటే వెతికి తీసుకెళ్లండి, పోల్చి చూడటానికి అంతకన్నా పనికొచ్చేది లేదు. ఇటీవలి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు వెంట పెట్టుకోండి, పరగడుపున మాత్రం వెళ్లకండి. టిఫిన్ చేసి, షుగరు మాత్ర వేసుకునే వెళ్లాలి.

యాంటీబయాటిక్‌ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. కోత లేకుండా మాత్రతో పన్ను నయమవుతుందనే ఆశ సహజమే. కానీ 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాలు, రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న పెద్దవారికి పంటి నరం నొప్పికి, వేరు చివరి స్థానిక ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ వద్దని, పంటి వైద్యమే చేయాలని సూచించాయి. జ్వరం, పాకుతున్న వాపు లాంటివి ఉన్నప్పుడే మందు. షుగరు అదుపులో లేనివారి లెక్క వేరు కావచ్చు, అది డాక్టరు మిమ్మల్ని చూసి తేల్చాలి, కౌంటరు వెనక ఉన్న కుర్రవాడు కాదు. మూడు కోర్సులు వాడినా మీ కింది పన్ను దగ్గర పొక్కు లేస్తూనే ఉందంటే మందు మూలాన్ని తాకలేదనే అర్థం. నొప్పి మాత్రలు రోజుల తరబడి వాడితే షుగరు ఉన్నవారి మూత్రపిండాలకు చేటు. లవంగ నూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, ఎక్కువైతే చిగురును కాలుస్తుంది. జిల్లేడు పాలు, పొగాకు, కర్పూరం పంటి గుంటలో కూరమని ఎవరైనా చెబితే అసలు వినవద్దు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం పైన చెప్పిన దారులేవీ తూచుకుంటూ కూర్చోకూడదు. దవడ కిందా గొంతు మీదా గట్టిగా వాపు, నోరు తెరవలేకపోవడం, మింగుడు పడకపోవడం, నాలుక పైకి లేచినట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం, కంటి చుట్టూ వాపు, చలి జ్వరం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే షుగరు ఉన్న మీ వయసు స్త్రీకి, మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో ఎడమ దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే, అది పన్ను కాక గుండె కావచ్చు. మీ నొప్పి వేడికీ చల్లదనానికీ మారింది కనుక పన్నునే సూచిస్తోంది, అయినా ఈ తేడా తెలిసి ఉండాలి. పై పళ్లు నాలుగైదు ఒక్కసారే బరువుగా లాగి, ముందుకు వంగితే పెరిగితే సైనస్ అయి ఉండవచ్చు. ముఖం కడుక్కుంటేనే కరెంటు షాకులా కొట్టి క్షణాల్లో పోయే నొప్పి ముఖంలోని నరానికి సంబంధించినది, దానికి పళ్లు పీకించుకుని నష్టపోయినవారు ఎందరో ఉన్నారు.

చివరగా మీ అబ్బాయి. మీ ప్రాంతపు ఫ్లోరైడు కథ కొత్తది కాదు. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో వచ్చింది. కానీ ఫ్లోరైడు మచ్చ పన్ను ఎముకలో తయారయ్యేటప్పుడే పడుతుంది, పన్ను వచ్చిన రోజు నుంచే కనిపిస్తుంది, కుడివైపు పన్నుకు ఉంటే ఎడమవైపు జంట పన్నుకు కూడా దాదాపు అలాగే ఉంటుంది. దెబ్బ తగిలిన నాలుగేళ్లకు, జతలో ఒక్క పన్నే బూడిద రంగుకు తిరగడం ఫ్లోరైడు పని కాదు. దెబ్బకు వేరు కొన దగ్గర రక్తనాళం తెగి లోపలి నరం నిశ్శబ్దంగా చచ్చిపోయి ఉండవచ్చు. రంగు బూడిదలా కాక పసుపు వైపు తిరిగి ఉంటే కాలువ లోపల గట్టిపడి మూసుకుపోతూ ఉండవచ్చు, దానికి వెంటనే చేయవలసింది ఏమీ లేకపోవచ్చు. చల్లటి పరీక్ష, విద్యుత్ పరీక్ష, ఒక ఎక్స్-రే చేయించండి. పన్ను స్పందించి ఎక్స్-రే బాగుంటే ఏడాదికొకసారి చూపించుకుంటే చాలు. స్పందన లేక వేరు చివర నీడ ఉంటే రూట్ కెనాల్ అవసరం. వాడికి నొప్పి లేదు కదా అని ఆగితే ఏదో ఒకరోజు పెదవి వాచి పరీక్ష హాల్లో కూర్చుంటాడు. రంగు బాగోలేదని ముందే క్యాప్ తొడిగించకండి, లోపలి జబ్బు దాని కింద దాక్కుంటుంది. వైద్యం పూర్తయ్యాక ఆ పన్నును లోపలి నుంచే తెల్లబరచవచ్చు. అయితే మరీ తెల్లగా చేయవద్దని, పక్కనున్న మచ్చల పళ్ల రంగుకు దగ్గరగా ఆపమని డాక్టరుకు ముందే చెప్పండి.